ఆఖరి సెకనులోనే గెలవాలా?

'దంగల్' సినిమా చూడని ఇల్లు మన మధ్య తక్కువే. 2016 డిసెంబరులో వచ్చింది. కుస్తీ అంటే ముఖం చిట్లించే అత్తగార్లు కూడా ఆ చివరి పోటీ వచ్చేసరికి "పట్టవే, పట్టు!" అంటూ కుర్చీ అంచు మీదికి జరిగారు. 2010 ఢిల్లీ కామన్వెల్తు క్రీడల ఫైనలు అది. గీతా ఫోగాట్ ఓడిపోయేలా ఉంది. కొద్ది సెకన్లే మిగిలాయి. ధైర్యం చెప్పాల్సిన తండ్రిని కుళ్ళుబోతు కోచ్ ఒకడు గదిలో పెట్టించి తాళం వేయించాడు. అమ్మాయి అవతలి పిల్లను అమాంతం ఎత్తి విసిరి, ఒక్క పట్టుతో అయిదు పాయింట్లు తెచ్చేసుకుంటుంది. గదిలో ఉన్న తండ్రికి జాతీయగీతం వినిపిస్తుంది. ఇక మన కొంగులు తడవకుండా ఎలా ఉంటాయి?

బాగానే ఉంది. కానీ నిజంగా ఆ రోజు ఏం జరిగిందో తెలుసాండీ? గీత ఆస్ట్రేలియా అమ్మాయి ఎమిలీ బెన్‌స్టెడ్‌ను మొదటి రౌండులో 1-0, రెండో రౌండులో 7-0తో ఓడించి, శుభ్రంగా బయటికి వచ్చింది. అంతే! ఆఖరి సెకనూ లేదు, తాళం వేసిన గదీ లేదు. అప్పటి కోచ్ తనను దుర్మార్గుణ్ణి చేశారని నొచ్చుకున్నట్టు పత్రికల్లో కూడా వచ్చింది.

సినిమా అన్నాక కాస్త ఉప్పూ కారం వెయ్యరా అంటారు. వెయ్యాలి, కాదనను. ఆ సినిమాలో మంచి ఘట్టాలూ ఉన్నాయి. పద్నాలుగేళ్ళకే పెళ్ళికూతురైన స్నేహితురాలు, మీ నాన్న మిమ్మల్ని మనుషులుగా చూస్తున్నాడు, నా సంగతి చూడండి అన్న ధోరణిలో మాట్లాడే చోటు ఒక్కటి చాలు, టిక్కెట్టు డబ్బులు గిట్టుబాటయ్యాయి అనడానికి. నా పేచీ ఎక్కడంటే, మన ఆడపిల్ల 7-0తో గెలిచిందంటే మన కథలు రాసేవాళ్ళు నమ్మలేకపోతున్నారు. ఆమె ముందు ఓడిపోతూ ఉండాలి, ఏడవాలి, నాన్న గుర్తుకు రావాలి, ఆ తరవాతే గెలవాలి. మామూలుగా గెలిస్తే అది గెలుపులా అనిపించదు కాబోలు.

ఇది ఒక్క 'దంగల్' జబ్బు కాదు. 2014లో వచ్చిన 'మేరీ కోమ్' చూడండి. అక్కడ చైనాలో తల్లి బాక్సింగు ఫైనలు ఆడుతుంటే ఇక్కడ పసివాడికి గుండె ఆపరేషను. ఒక గుద్దు, ఒక కత్తి, ఒక గుద్దు, ఒక కత్తి. తల్లి గెలవాలంటే బిడ్డ బల్ల మీద పడుకోవాలా? మగవాడి సినిమాలో ఇలా చేస్తారా, మీరే చెప్పండి. అంతకు ముందు 2007లో 'చక్ దే ఇండియా' వచ్చింది. అందులో పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో ఊరి గాలి వెంటబెట్టుకుని ఎంత సహజంగా ఉంటారో! నాకు ఇప్పటికీ ఇష్టమే. అయినా పదహారుమంది పిల్లలు హాకీ ప్రపంచకప్పు గెలిస్తే, చివరికి ఆ గెలుపు దేనికి పనికొచ్చిందయ్యా అంటే, కోచ్ గారి మీద పడ్డ మచ్చ కడగడానికి.

మనవాళ్ళేం తక్కువ తినలేదు లెండి. బాక్సింగు నేర్చుకునే పిల్ల కథ 2016లో తమిళంలో 'ఇరుది సుట్రు' అని వచ్చింది, అంటే ఆఖరి రౌండు అని. 2017లో తెలుగులోకి వచ్చేసరికి దాని పేరు 'గురు' అయింది. దెబ్బలు తిన్నది అమ్మాయి, పేరు పంతులుగారికి! దానికన్నా 1991 నాటి 'అశ్విని' నయం అనిపిస్తుంది. అశ్వినీ నాచప్ప తానే నటించింది కనక కథ ఎలా ఉన్నా, పరుగు మాత్రం పరుగులా ఉంది.

ఇంతకీ ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? సినిమాలో అయితే కోచ్ డెబ్బై నిమిషాల గురించి ఒక ఉపన్యాసం ఇస్తాడు, వచ్చేస్తుంది. నిజానికి అదంత సులువా? 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సులో పి.టి. ఉష కథ మనందరికీ కంఠతా వచ్చు. 400 మీటర్ల హర్డిల్స్‌లో కాంస్యం వచ్చినామెకి 55.41 సెకన్లు, ఉషకి 55.42. సెకనులో నూరో వంతు. అందరం ఆ నూరో వంతు దగ్గరే ఆగి "అయ్యో పాపం" అన్నాం. ఆ పరుగు మొదట్లో వేరొకామె తొందరపడి ముందే కదలడంతో మళ్ళీ మొదలుపెట్టారనీ, ఉష లయ చెదిరిందనీ ఎంతమంది గుర్తుపెట్టుకున్నారు? అక్కడ ఆమెకి నోటికి హితవైన బలమైన తిండి దొరక్క గంజి, ఊరగాయ తిని పరుగెత్తింది. ఈ మాట ఉషే తరవాత చెప్పింది. గంజి తాగి అంతదూరం వెళ్ళిన మనిషికి ఆత్మవిశ్వాసం చాల్లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. చాలనిది పళ్ళెంలో ఉన్నది.

ఇప్పుడు అదే హర్డిల్స్ ఆటలో, దూరం వేరు అనుకోండి, 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జరిగింది చూడండి. 100 మీటర్ల ఫైనలు. మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి. పక్క వరసలోని చైనా అమ్మాయి తుపాకీ మోగకముందే కదిలింది. అధికారులు ఆమెతో పాటు జ్యోతిని కూడా బయటికి నడవమన్నారు. స్టేడియం వాళ్ళది, జనం వాళ్ళది. మన పిల్ల నడవలేదు. నేను కదల్లేదు, కావాలంటే చూడండి అని అక్కడే నిలబడి వాదించింది. తెర మీద మళ్ళీ మళ్ళీ చూశారు. చివరికి ఇద్దర్నీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి మూడోదిగా వచ్చింది. తరవాత చైనా అమ్మాయిని తొలగించారు, జ్యోతి కాంస్యం రజతం అయింది.

ఈ దృశ్యానికి మాటల రచయిత అక్కర్లేదు. గదిలో తండ్రిని పెట్టి తాళం వెయ్యక్కర్లేదు. అయినా మర్నాడు మనవాళ్ళు ఏం రాశారు? ఎక్కువచోట్ల వాళ్ళ నాన్న సెక్యూరిటీ గార్డు అన్న దగ్గరే మొదలుపెట్టారు. పేదరికం చెప్పొద్దనడం లేదు, ఆ ఇంటివాళ్ళు పడ్డ కష్టం చిన్నది కాదు. కానీ ముందు ఆమె రెఫరీలతో ఏం అందో రాయండి బాబూ! మన పిల్లలు చదవాల్సింది అది.

అవతలివాళ్ళంటే బెరుకు పోవడానికి ఒకటే మందు, వాళ్ళతో మాటిమాటికీ ఆడటం. మన సింధు ఆ మందు చిన్నప్పట్నించీ తాగింది. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళు, పైగా గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ ఉంది. 2017లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనలు జపాను అమ్మాయి ఒకుహారాతో నూటపది నిమిషాలు ఆడి ఓడిపోయింది. మరుసటి ఏడాదీ ఫైనల్లోనే ఓటమి. ఫైనలంటే ఈ పిల్లకి భయం అని మనలో అననివాళ్ళెవరు? 2019 ఆగస్టు 25న బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో ఇంటికి పంపింది. ఆ రోజు వాళ్ళమ్మగారి పుట్టినరోజు కూడానూ. సినిమా తీసేవాడికి ఇది ఎందుకూ కొరగాదు, గ్లాస్గో అయితే కావాలి. నన్నడిగితే ఆ ముప్ఫై ఎనిమిది నిమిషాల్లోనే అసలు కథంతా ఉంది. రెండేళ్ళ కిందట తనను గంటా యాభై నిమిషాలు తిప్పి ఓడించిన మనిషికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా ఆడటం వెనక ఎన్ని తెల్లవారుజాములు ఉన్నాయో ఎవరు చూపిస్తారు?

అలాగని నిజజీవితంలో ఆఖరి సెకన్లు ఉండవని కాదు. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగాట్, అంతర్జాతీయ పోటీల్లో అప్పటిదాకా ఓటమే ఎరగని జపాను మల్లయోధురాలు సుసాకిని చివరి క్షణాల్లోనే పడగొట్టింది. ఆ తరవాత ఫైనలు రోజు పొద్దున నూరు గ్రాముల బరువు ఎక్కువుందని ఆమెని పోటీలోంచి తీసేశారు. అంతకు ముందేడు ఫెడరేషను అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేస్తూ తోటివాళ్ళతో కలిసి జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నదీ ఆమే. 'దంగల్'లో కోచ్ చేసిన దుర్మార్గమల్లా తండ్రిని గదిలో పెట్టించడం. నిజం ముందు ఆ తాళంకప్ప ఎంత చిన్నదో చూశారా?

కరణం మల్లీశ్వరి మీద సినిమా తీస్తామని 2020లో ప్రకటన వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో ఆ పిల్లని బరువుల దగ్గరికి నడిపించింది వాళ్ళమ్మ శ్యామలగారు. సినిమావాళ్ళకి తండ్రి కావాలి కాబట్టి ఆవిడ్ని వంటింట్లోకి పంపకుండా ఉంటే సంతోషం. ఇంకో భయం కూడా ఉంది. 2000 సిడ్నీలో మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఆఖరి ప్రయత్నంలో జాగ్రత్తపడకుండా ఏకంగా బంగారం మీద కన్నేసి 137.5 కిలోలు అడిగింది, ఎత్తలేకపోయింది, కాంస్యంతో తిరిగి వచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ ఆవిడే. ఆ బరువు కింద పడటం ఉన్నదున్నట్టు చూపిస్తారో, లేక మన కొంగుల కోసం ఎత్తించేస్తారో!