మట్టగిడిస నెత్తుటి చుక్క

మృగశిర కార్తె నాడు కరీంనగర్, మంచిర్యాల చేపల అంగళ్లలో కొర్రమట్టకు ఉండే గిరాకీ దాని చిన్న దాయాది మట్టగిడిసకు ఉండదు. జంతుశాస్త్ర ప్రయోగశాలలో మాత్రం పెద్దపీట మట్టగిడిసదే. నీళ్లలో కలిసిన విషాలు, రేడియేషన్ చేప ఒంట్లో చేసే చేటును పట్టిచ్చే పద్ధతులు చాలానే ఉన్నాయి. వాటిలో పనితనానికి నేను ముందుగా దండం పెట్టేది సూక్ష్మకేంద్రక పరీక్షకే. తోక మొదట్లోని నరం నుంచి తీసిన ఒక్క చుక్క నెత్తురు, ఒక గాజు పలక, గీంసా రంగు, మంచి మైక్రోస్కోపు ఉంటే చాలు. మిగతాదంతా చేతివాటం, కంటి చురుకు, ఓపిక.

కణం రెండుగా చీలేటప్పుడు సన్నని పోగులు క్రోమోజోములను చెరో కొసకు లాగుతాయి. పోగుకు పట్టు దొరికేది సెంట్రోమియర్ అనే ఒక్క చోటే. రేడియేషన్ తగిలి క్రోమోజోము తునిగితే, సెంట్రోమియర్ లేని తునకను లాగే పోగు ఉండదు. అది వెనకబడిపోతుంది. తర్వాత దాని చుట్టూ వేరే పొర కట్టుకుని, అసలు కేంద్రకం పక్కనే ఒక చిన్న చుక్కగా నిలిచిపోతుంది. అదే సూక్ష్మకేంద్రకం. కొన్ని రసాయనాలూ క్రోమోజోమును ఇలాగే విరుస్తాయి. మరికొన్ని దాని జోలికి పోకుండా పోగులనే పాడుచేస్తాయి. అప్పుడు క్రోమోజోము మొత్తంగానే వెనకబడుతుంది. కంటికి కనబడని కిరణమైనా, రంగూ వాసనా లేని మందైనా చివరికి మిగిల్చేది ఆ చుక్కనే.

క్షీరదాల మీద ఈ పరీక్ష 1970లలో స్థిరపడింది. 1982లో హూఫ్ట్‌మన్, డి రాట్ అనే పరిశోధకులు ఉంబ్రా పిగ్మియా అనే చిన్న బురదచేప నెత్తురులో దీన్ని చేసి చూపించారు. పని తేలికేమీ కాదు. క్షీరదాల ఎర్రకణం ఎదిగేసరికి కేంద్రకాన్ని వదిలేస్తుంది కాబట్టి అందులో సూక్ష్మకేంద్రకం ఒంటరిగా, స్పష్టంగా కనబడుతుంది. చేప ఎర్రకణంలో కేంద్రకం చివరిదాకా ఉంటుంది. ఆ పెద్దదాని పక్కన చిన్నదాన్ని పోల్చుకోవాలి. మట్టగిడిస అక్కరకొచ్చేది ఇక్కడే. రోహు, బొచ్చెల్లో క్రోమోజోములు 50 అయితే దీనిలో 32 మాత్రమే, అవీ పెద్దవి. పెద్ద క్రోమోజోము విరిగితే తునకా కంటికి ఆనేంత ఉంటుంది. పైగా ఇది నీటి పైకొచ్చి గాలి మింగి బతకగలదు. తక్కిన చేపలు తేలిపోయిన మురికి కుంటలోనూ ఇది మిగిలే ఉంటుంది, అంటే అక్కడి కథ చెప్పగలిగే ప్రాణి ఇదే.

మంచి ప్రయోగాన్ని నేను తూచేది దాని మొదటి రెండు వారాలను చూసి. వలలో ఒరుసుకుపోయిన చేపను తెచ్చిన రోజే తొట్టిలో మందు కలిపితే వచ్చే ఫలితం మందుదో గాయానిదో ఎవరూ తేల్చలేరు. అందుకే ముందు చేపను కుదుటపడనివ్వాలి: క్లోరిన్ కలపని బోరు నీళ్లు, ఎర్రలు లేదా సన్నగా తరిగిన మేక కార్జం, రోజూ నీళ్ల మార్పు. మందు సోకని చేపల జట్టునూ అదే గదిలో, అదే మేతతో పెంచాలి. ముందు 96 గంటల్లో సగం చేపలను చంపే మోతాదు తేల్చుకుని, అందులో పదో వంతో ఇంకా తక్కువో ఇవ్వాలి. చచ్చిన చేపను లెక్కపెట్టడం ఎవరికైనా సాధ్యమే. బతికి ఈదుతున్న చేపలో చేటును చూడగలగడమే ఈ పని గొప్ప.

నెత్తురు గడ్డకట్టేలోపు పలక మీద పొర లాగాలి. దళసరైతే కణాలు ఒకదానిమీదొకటి పడతాయి, మరీ పలచనైతే చిట్లుతాయి. ఆరాక మెథనాల్‌లో ముంచి, గీంసా రంగు వేసి, నూనె కటకం కింద వెయ్యి రెట్లు పెంచి చూస్తారు. చుక్క అసలు కేంద్రకంలో మూడో వంతుకు మించకూడదు, దాన్ని అంటుకుని ఉండకూడదు, అదే రంగులో ఉండాలి, తళుక్కున మెరవకూడదు. మెరిసేది తరచుగా రంగు మరకే. చేపకు వెయ్యికి తక్కువ కాకుండా కణాలు లెక్కించాలి. మందు సోకని చేపలో వెయ్యికి ఒకటో రెండో దొరుకుతాయి, ఒక్కోసారి ఒక్కటీ ఉండదు. అంత అరుదైనదాన్ని వెతికేటప్పుడు కోరిక కంటిని మోసం చేస్తుంది. అందుకే పలక ఏ తొట్టిదో లెక్కించేవారికి తెలియనివ్వరు. నాకు ఎక్కువ గౌరవం కలిగించే నియమం ఇదే.

దెబ్బ తగిలిన వెంటనే గుర్తు కనబడదు. చేపలో కొత్త ఎర్రకణాలు పుట్టేది ఎక్కువగా మూత్రపిండం ముందు భాగంలో. అక్కడ కణం చీలి, ఎదిగి, నెత్తురులోకి రావడానికి రోజులు పడతాయి. అందుకే ఒకే రోజు చూసి చేతులు దులుపుకోకుండా, వరుసగా కొన్ని రోజులు నెత్తురు తీస్తారు.

మన ఉత్తర తెలంగాణలో ఈ కంటికి పని చాలా ఉంది. రామగుండంలో 2600 మెగావాట్ల ఎన్‌టీపీసీ కేంద్రం 1983 నుంచి బొగ్గు కాలుస్తోంది. బొగ్గులో సహజంగా ఉండే యురేనియం, థోరియం బూడిదలో చిక్కబడతాయి. ఇది విని చాలామంది రేడియేషన్‌కే భయపడతారు. నీటి జీవుల సమూహాలకు రోజుకు 10 మిల్లీగ్రేల లోపు ముప్పు కాదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1992లో అంచనా వేసింది. బూడిద నుంచి వచ్చేది ఆ దరిదాపులకు రాదు. చేపకు అసలు భయం అదే బూడిదలోని ఆర్సెనిక్, క్రోమియం వంటి వాటితో. కాగజ్‌నగర్‌లో 1942 నుంచి కాగితం తయారైంది. గుజ్జును క్లోరిన్‌తో తెల్లబరిచే చోట పుట్టే సమ్మేళనాలకు క్రోమోజోములను విరిచే గుణం ఉంది. ఆదిలాబాద్ నల్లరేగడి పత్తి చేలలో కొట్టిన మందు మొదటి వానకే వాగులో పడుతుంది. లీటరుకు కొన్ని మైక్రోగ్రాములతోనే చేపలను చంపే ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. దాని చోట చల్లుతున్న వాటినీ ఎవరో ఒకరు ఇలాగే చూడాలి.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. చుక్కలు పెరిగాయని చెబుతుంది గానీ నేరం బూడిదదా, మందుదా అని చెప్పదు. సెంట్రోమియర్‌ను వెలిగించే రంగులు వేస్తే, చుక్కలో ఉన్నది విరిగిన తునకా, వెనకబడిన మొత్తం క్రోమోజోమా అన్నంతవరకు తెలుస్తుంది. కారకుడి పేరు కోసం నీటిని రసాయన పరీక్షకు పంపాల్సిందే. రెండూ జోడిస్తేనే వాదన నిలుస్తుంది.

మైక్రోస్కోపు, గీంసా సీసా మన డిగ్రీ కాలేజీల జంతుశాస్త్ర ల్యాబులకు కొత్తవి కావు. గోదావరిలో రామగుండానికి ఎగువన ఒక చోట, దిగువన ఒక చోట, పత్తికి మందు కొట్టకముందు ఒకసారి, కొట్టాక ఒకసారి చేపలు పట్టించి చూడొచ్చు. రంగు వేసిన పలకలను చీకటి పెట్టెలో తేదీ, చోటు రాసి భద్రపరిస్తే, వచ్చిన అంకె మీద అనుమానమున్నవారు ఏళ్ల తర్వాతైనా అవే కణాలను మళ్లీ లెక్కపెట్టుకోవచ్చు.