మందను విడదీస్తేనే మంద

గూడూరు పల్లెల్లో సాయంత్రం గొర్రెల దొడ్డి దగ్గర నిలబడితే కాపరితనం ఎంత గొప్ప పనో తెలుస్తుంది. మేతకు పోలేని పసిపిల్లలను పొద్దున్నే వేరే దడిలో ఆపుతారు. తల్లులు మేసి వచ్చేసరికి ఒకటే అరుపులు. దడి తీయగానే ప్రతి తల్లీ పిల్ల తోక కింద వాసన చూస్తుంది. తనదైతే నిలబడి పాలిస్తుంది, కాకుంటే తలతో నెట్టేస్తుంది. ఏ పిల్ల కడుపు నిండలేదో కాపరి ఆ సందట్లోనే పసిగడతాడు.

పిల్లలను వేరు చేసే మనవాళ్లు పొట్టేలును మాత్రం ఏడాదంతా మందలోనే వదిలేస్తున్నారు. చూలు కట్టిన గొర్రె ఈనడానికి దాదాపు 5 నెలలు పడుతుంది. మార్చిలో కడితే ముసురు రోజుల్లో ఈనుతుంది. బురద దొడ్డిలో పడ్డ పిల్ల దగ్గి దగ్గి పోతుంది. తొలకరి తర్వాత పొట్టేలును కలిపితే కోతలకాలానికి పిల్లలొస్తాయి, తల్లికి మేతా ఉంటుంది. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఆ లెక్క సరైనదే. కానీ దాని బిడ్డలే ఎదకొచ్చేనాటికి పొట్టేలును మార్చాలి, పక్క ఊరి కాపరితోనైనా సరే.

మేత దగ్గరా ఇంతే జాగ్రత్త కావాలి. మంచు ఆరకముందే తోలితే తడిగడ్డి కొసల మీదున్న నట్టల పిల్లపురుగులు కడుపులోకి పోతాయి. చెరువు అంచున మేపితే కార్జపు జలగలు పడతాయి. తొలివానకు మొలిచిన లేతపచ్చికను ఆబగా మేస్తే చిటుకు రోగం వస్తుంది, అందుకే వానలకు ముందే టీకా వేయించాలి.

ఇన్ని తెలిసిన కాపరికి ఇప్పుడు జాగే లేదు. పత్తి, మొక్కజొన్న, మిర్చి బీళ్లను మింగాయి. అడవి వైపు తోలాలంటే ఆంక్షలు. మేపిన చోటే మళ్లీ మేపితే గడ్డి లేవదు, నట్టలు పోవు. జీవాలను పంచినప్పుడే మేతభూమి సంగతీ చూడాల్సింది, అది జరగలేదు.

యాసంగి కోతలయ్యాక చేలో మంద పెట్టించుకునే రైతులు ఇప్పటికీ ఉన్నారు. పెంట, మూత్రం రెండూ నేలలోనే ఇంకుతాయి, కాపరికి రాత్రి జాగా దొరుకుతుంది. మిగతా రైతులూ ఆ పని చేయండి. మీ ఊరి మేతభూమి (బంచరాయి) హద్దులు ఎక్కడున్నాయో గ్రామసభలో అడగండి, కొలిపించండి.