పెళ్లి క్యాసెట్‌లో అమ్మమ్మ గొంతు

తొంభైల్లో మన ఊళ్లలో జరిగిన పెళ్లిళ్లకు రెండు రకాల వీడియోలు ఉండేవి. ఒకటి, షాపువాళ్లు మిక్సింగ్ చేసి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చినది. తలంబ్రాలకు ఒక సినిమా పాట, అప్పగింతలకు ఇంకో పాట, మధ్యమధ్య గులాబీ పువ్వులోంచి విచ్చుకునే వధూవరుల ముఖాలు. రెండోది, కెమెరాలో నేరుగా రికార్డయిన అసలు క్యాసెట్. చాలా ఇళ్లలో బీరువాలో భద్రంగా దాచింది మొదటిదాన్నే. పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పట్టుకున్నాక, ఎవరు సంచీతో వచ్చినా నేను ముందు అడిగేది రెండోదాని గురించి.

ఎందుకంటే మిక్సింగ్‌లో పాట వేసిన ప్రతిచోటా మనుషుల మాట పోయింది. సన్నాయి, పురోహితుడి మంత్రం, వడ్డన దగ్గర కేకలు, అన్నీ పాట కిందపడి మాయమయ్యాయి. అసలు క్యాసెట్‌లో అవన్నీ ఉన్నాయి. ఒకసారి ఒక అప్పగింతల క్యాసెట్ ఎక్కిస్తున్నాను. కెమెరా పెళ్లికూతురి మీదే ఉంది. పక్కనే ఎవరో పెద్దావిడ, బొమ్మలో ఎక్కడా కనబడదు, కెమెరాకు ఆనుకుని నిలబడ్డట్టుంది. ‘తలనొప్పి మాత్రలు పెట్టె అడుగున పెట్టానమ్మా, చీరల కింద చూసుకో’ అంటోంది. ఆవిడ ఆ ఇంటి అమ్మమ్మ. ఫొటోలు బోలెడున్నాయి కానీ, గొంతు మాత్రం ఇంకెక్కడా లేదట. మిక్సింగ్ క్యాసెట్‌లో ఆ చోట పాట ఉంది.

ఆ గొంతు టేపు మీద ఎక్కడుంటుందో తెలిస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. వీహెచ్‌ఎస్ టేపు వెడల్పు అరంగుళం. మధ్యభాగమంతా బొమ్మది. మామూలు క్యాసెట్లలో శబ్దం పై అంచున ఒక్క మిల్లీమీటరు పట్టీలో ఉంటుంది. తేమ తగిలేదీ, బూజు పట్టేదీ ముందు అంచులకే. నలిగినా అంచే నలుగుతుంది. బొమ్మ బాగానే ఉండి మాట మాత్రం మునిగీ తేలీ వినిపించే క్యాసెట్లు అందుకే అన్ని ఉంటాయి. మన కోస్తా ఊళ్ల గాలికి ఈ బెడద మరీ ఎక్కువ.

క్యాసెట్ కిటికీలోంచి చూసినప్పుడు నల్లటి చుట్ట మీద తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే అది బూజు. దాన్ని వీసీఆర్‌లో పెట్టొద్దు. లోపల హెడ్ డ్రమ్ము సెకనుకు 25 చుట్లు తిరుగుతుంటుంది. బూజు దానికి పట్టుకుంటే బొమ్మ పోతుంది, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. ముందు శుభ్రం చేయించాలి. వీసీఆర్లు పాతవి దొరికితేనే దిక్కు. చివరిదాకా తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది.

‘ఎప్పుడో సీడీలోకి మార్పించేశాం కదా’ అంటారు చాలామంది. ఆ మాట వింటే బాధేస్తుంది. మన టీవీ పద్ధతి పేరు పాల్. ఆ బొమ్మలో కనిపించే గీతలు 576. ఆ సీడీలో, అంటే వీసీడీలో, మిగిలేవి 288. పైగా టేపు సెకనుకు 50 సార్లు కదలికను పట్టుకుంటే, వీసీడీ దాన్ని 25కు దించుతుంది. అక్షింతలు గాల్లో లేచి పడే క్షణంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. సీడీ వచ్చిందని టేపు పారేసినవాళ్లకు మిగిలింది అంతే. టేపు ఉంచుకున్నవాళ్లు మళ్లీ మొదటినుంచి చేయించుకోవచ్చు. ఈసారి ఏదీ కుదించని ఫైలు ఒకటి దాచుకోవాలి, గంటకు పదుల జీబీలు పట్టినా సరే. ఫోన్లో చూసుకోవడానికి చిన్న ఎంపీ4 వేరే చేసుకోవచ్చు.

అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్లు పాల్ కాదు, అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. వాటికి రెండు పద్ధతులూ చదివే వీసీఆర్ కావాలి. ఇక్కడి మామూలు మిషన్‌లో సరిగ్గా ఆడలేదని పాడైపోయాయి అనుకోవద్దు.

ఏఐతో ముఖాలు నున్నగా చేసి ఇస్తామనేవాళ్లు ఇప్పుడు బయల్దేరారు. నాకది సమ్మతం కాదు. టేపులో లేని కన్నూ ముక్కూ కంప్యూటర్ ఊహించి దిద్దితే వచ్చేది మన అమ్మమ్మ ముఖం కాదు. మసకగా ఉన్నా ఆవిడదే ఉండాలి.

2025 లోపు కాపీ చేయని టేపులు దాదాపు దక్కవని ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 2015లోనే హెచ్చరించింది. ఆ గడువు వచ్చేసింది. అటక మీది పెట్టె దించండి. ఏ క్యాసెట్ మీద ఏం రాసుందో చూడండి, ఏమీ రాయనివాటిని వేరే పెట్టండి. అసలు క్యాసెట్లు ఎక్కువగా వాటిలోనే దొరుకుతాయి. షాపులో ఇచ్చేటప్పుడు గట్టిగా చెప్పండి: మొదటినుంచి చివరిదాకా, ఏదీ కత్తిరించకుండా, పాటలేమీ కలపకుండా కావాలని. ఫైలు చేతికొచ్చాక కూడా క్యాసెట్ పారేయకండి.