ఓడించి నేర్పిన ఆటలు

ఫైటింగ్ గేముల్లో ఆల్‌టైమ్ ఫేవరెట్లు మూడు చెప్పమంటే నేను గ్రాఫిక్స్ చూడను. ఓడిపోయినప్పుడు ఎందుకు ఓడానో తెలిసిందా లేదా? నా కొలత అదొక్కటే.

మూడోది 'టెక్కెన్ 3'. ప్లేస్టేషన్‌కి 1998లో వచ్చింది. కోరుట్లలో గంటల లెక్కన అద్దె కట్టి ఆడేవాళ్లం. ఎడ్డీని తీసుకుని బటన్లన్నీ టకటకా నొక్కేస్తే గెలిచేవాణ్ణి. సరదానే, కానీ నేర్చుకున్నది తక్కువ.

రెండోది 'కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97'. ముగ్గురు ఫైటర్ల జట్టు. జగిత్యాలలో కాయిన్ వేసి ఆడుతుంటే తెలిసింది, ఎవరిని ముందు దింపాలన్నదే సగం ఆట అని.

మొదటిది 1991 నాటి 'స్ట్రీట్ ఫైటర్ 2'. ఇందులో కాంబోలు కావాలని పెట్టినవి కావు. తయారీలో బయటపడ్డ పొరపాటుని క్యాప్‌కామ్ వాళ్లు అలాగే ఉంచేశారు. రోజూ బగ్గులు సరిచేసే నాకు ఇది ఇప్పటికీ ముచ్చటే.

పేచీ అంతా ధాల్సిమ్‌తోనే. మెడలో పుర్రెలు, నోట్లోంచి మంటలు, సాగే చేతులు. అందులో ఇండియా అంటే ఇతనే! సిగ్గేసి ముట్టుకునేవాణ్ణి కాదు. సిరిసిల్లలో సాంచలు నడిపే మా బావ మాత్రం అతన్నే తీసుకునేవాడు. తొందరపడకుండా దూరం నుంచే కొట్టి నా కాయిన్లన్నీ అవగొట్టాడు.

"వాని వేషం చూస్తున్నవ్ గని, చేతి పొడుగు చూస్తలేవు" అన్నాడు.

ఆ గేమ్ మీద నేను విన్న మంచి విమర్శ అదే. ఆ వేషాన్ని ఇప్పటికీ ఒప్పుకోను. గేమ్‌ని మాత్రం మొదటి స్థానం నుంచి దించలేకపోతున్నా.