ఏటిగట్టు మీద సైకిల్ యాత్ర

బోయిన్‌పల్లిలో తెల్లవారకముందే సైకిల్ తీసేవాళ్లకు కొదవ లేదు. మార్కెట్‌కొచ్చే కూరగాయల లారీలను తప్పించుకుంటూ సుచిత్ర దాకానో, కంటోన్మెంట్ రోడ్ల మీదో ఓ చుట్టు చుట్టొస్తారు. 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ కూడా వచ్చింది. బాగుంది. కానీ అక్కడ ఎదురయ్యేవి మనలాంటి హెల్మెట్లే. మనుషులు కావాలంటే రాత్రి రైలెక్కి కోనసీమ పోవాలి.

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, సముద్రం అంచున ఉన్న కోనసీమ మొత్తం ఒక ద్వీపమే. గోదావరి ఒండ్రు మేటవేసిన చోటల్లా లంకలు.

సికింద్రాబాద్ స్టేషన్ పార్శిల్ ఆఫీసులో సైకిల్‌ను లగేజీగా బుక్ చేయాలి. హ్యాండిల్ పక్కకు తిప్పి గోనెపట్టా చుట్టండి. పేరు, దిగే స్టేషన్ రాసిన అట్టముక్కలు రెండు కట్టండి, ఒకటి ఊడినా ఇంకొకటి ఉంటుంది. రాజమండ్రిలో దిగి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వెళితే బొబ్బర్లంక. అక్కడినుంచి కాలువ పక్కనే లొల్ల లాకులు, రావులపాలెం; ఆపైన అమలాపురం, బోడసకుర్రు వంతెన, రాజోలు, అంతర్వేది. దారిలో గుట్టన్నది లేదు, గేర్లు లేని సైకిలైనా చాలు.

గుట్ట లేకపోయినా గాలి ఉంది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఎదురుకొడుతుంది కనుక అంతర్వేది వైపు తొక్కుడు పొద్దున్నే ముగించాలి. ఏటిగట్టు దిగి లంకలోకి వెళ్లే ఇసుక బాటలో చక్రం కూరుకుపోతుంటే టైరులో కాస్త గాలి తీసేయాలి. తారురోడ్డెక్కగానే మళ్లీ కొట్టాలి, లేదంటే రిమ్ము కింద నలిగి ట్యూబు చిరుగుతుంది. బరువు వీపున మోయొద్దు, క్యారియర్‌కు రెండువైపులా సమంగా కట్టుకోవాలి. వరదల కాలంలో మాత్రం అటు పోవద్దు. 1986 ఆగస్టులో, 2022 జూలైలో లంకలు నీట మునిగాయి. సంక్రాంతి రోజులు మేలు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడొచ్చు, సైకిల్‌ను దూరంగా పెట్టి నడవగలిగితే.

అసలు పరిచయాలు కలిసేది రేవులో. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లే పంటులో బైకులు, గేదెల దాణా బస్తాలు, కాలేజీ పిల్లలు, వాళ్ల మధ్య మన సైకిల్.

“ఎక్కణ్నుంచండీ?”

“బోయిన్‌పల్లండీ, సికింద్రాబాద్.”

“అక్కణ్నుంచి తొక్కుకుంటూ వచ్చేశారేటండీ?”

“లేదండీ, రాజమండ్రి దాకా రైలే.”

“ఆయ్! మా చెల్లెలి కొడుకు కూకట్‌పల్లిలోనే ఉంటాడండి.”

ఆ మేనల్లుడికి ఫోను వెళుతుంది, మన చేతికిస్తారు. ముక్కూమొహం తెలియని ఇద్దరం ట్రాఫిక్ గురించి మాట్లాడుకుంటాం. అవతలి ఒడ్డు చేరేలోగా భోజనానికి పిలుపు ఖాయం.

కొబ్బరితోటలో దింపు జరుగుతుంటే ఆగండి, అడక్కుండానే బొండాం చెక్కి చేతికిస్తారు. డబ్బు తీస్తే నొచ్చుకుంటారు. పిల్లల చేతిలో ఓ బిస్కెట్ ప్యాకెట్ పెడితే కాదనరు. అలాగని ఆ మంచితనం మీద బతికేయకూడదు. చీకటిపడ్డాక ఎవరి గుమ్మమూ ఎక్కకుండా అమలాపురం లాడ్జీలోనో, అంతర్వేది సత్రంలోనో ముందే గది చూసుకోవాలి.

సఖినేటిపల్లి రేవులో వంతెన కావాలని ఇరువైపుల జనం ఏళ్లుగా అడుగుతున్నారు. కట్టాల్సిందే. పురిటి నొప్పులొచ్చిన మనిషిని పంటు కోసం నిలబెట్టి, మన ముచ్చట్ల కోసం రేవు ఉండిపోవాలనడం అన్యాయం.

నరసాపురంలో దిగితే ఇంటికి రైలుంది. పార్శిల్ ఆఫీసుకు మాత్రం కాస్త ముందే వెళ్లండి, గోనెపట్టా పారేయకండి.