ఏమీ కలపని తీపి

శెనక్కాయా! పల్లీ అన్నా నువ్వే, వేరుశనగ అన్నా నువ్వే. మా అనంతపురంలో నువ్వు శెనక్కాయవి. ఆ పేరుతోనే పిలుస్తాను, పలుకు.

పైన పూసి కింద కాయడం నీ వింత. చిన్న పసుపు పువ్వు వాడగానే ఊడ దిగి మట్టిలోకి దూరుతుంది, చీకట్లో కాయ కడుతుంది. కొమ్మకు వేలాడి నన్ను చూడమని అడగని పంటవి. ఎక్కడి దక్షిణ అమెరికా, ఎక్కడి మా ఎర్రనేల! సముద్రాలు దాటి వచ్చి, వాన మొహం చాటేసినా మమ్మల్ని వదలని దానివి. కదిరి పరిశోధన కేంద్రం నీలో ఒక రకానికి కదిరి లేపాక్షి అని మా ఊళ్ల పేర్లే పెట్టుకుంది, ఇంటి ఆడపడుచుకు పెట్టుకున్నట్టు.

ఇవాళ మా నాయన కోసం నిన్ను పిలిచాను.

ఆయనకు షుగర్ వచ్చిన రోజున మా ఇంట్లో ఒక మాట కాపురం పెట్టింది: వద్దు. కాఫీలో చక్కెర వద్దు. మారు అన్నం వద్దు. సంక్రాంతికి అరిసెల పళ్లెం ఆయన దాకా వచ్చి, తప్పు చేసినదానిలా పక్కకు తిరుగుతుంది. చీమలు పట్టే మూత్రాన్ని చూసి పాత వైద్యులు దీన్ని మధుమేహం అన్నారు. పేరులో తేనె, నోట్లో ఏమీ లేదు. దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా. అన్ని కోట్ల కంచాల పక్కనా ఈ 'వద్దు' పీట వేసుకుని కూర్చుంది.

దాని ఎదుట నిలబడి 'తాగు' అనగలిగే ఒక్క గ్లాసు కావాలి నాకు.

సన్నని సెగా, ముందు నీకు దండం. నిన్ను తొందరపెడితే గింజ పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. ముడతలు పడ్డవీ, బూజు పట్టినవీ ముందే ఏరి పారేశాను. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినంత మాత్రాన అది పోదు. మందపాటి బాణలిలో గరిటె ఆపకుండా తిప్పుతుంటే చిటపటలు మొదలై, పొట్టు పగిలి, పక్కింటి వాళ్లు కిటికీలోంచి తొంగి చూసేంత వాసన లేస్తుంది. ఈ గ్లాసులో సగం తీపి ఆ వాసనే. చల్లారాక అరచేతుల మధ్య నలిపి చేటలో చెరిగితే పొట్టు గాలికి, పప్పు మనకు.

మిక్సీ తల్లీ, నీకు రెండో దండం. ముందు పొడి చేస్తావు, తరువాత ముద్ద చేస్తావు, ఆపైన దాన్ని జార్ గోడలకు అంటించి అలిగినట్టు ఉత్తినే తిరుగుతావు. అక్కడే ఓపిక చాలక నూనె పోస్తారు. పోయనక్కర్లేదు. ఆపి, గోడలు గీకి, జార్ వేడెక్కితే చల్లారనిచ్చి మళ్లీ తిప్పాలి. గింజలో దాదాపు సగం నూనే కదా, ఏదో ఒక క్షణాన అది బయటికి వస్తుంది. బిగుసుకున్న ముద్ద మెత్తబడి, మెరుస్తూ, చెంచా మీంచి తాడులా జారుతుంది. చిటికెడు ఉప్పు, అంతే. అంగట్లో పీనట్ బటర్ అని అమ్మేది ఇదే, కానీ ఆ డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివి కొనాలి. చక్కెర దాక్కునేది అక్కడే.

పాలూ, నిన్ను ప్రేమిస్తాను గానీ నువ్వు అమాయకపుదానివని అనను. 200 మిల్లీలీటర్లలో దాదాపు 10 గ్రాముల చక్కెర నీ సొంతం. అందుకే గ్లాసు ఒక్కటే. అందుకే అరటిపండుకు, ఖర్జూరానికి ఇవాళ పిలుపు లేదు. బెల్లమూ తేనే గుమ్మం దగ్గర నిలబడి 'మేం చక్కెర కాదుగా' అంటాయి. రక్తం ఆ మాట నమ్మదు.

ఒక పెద్ద చెంచాడు శెనక్కాయ వెన్న, 16 గ్రాములు. నేరుగా చల్లటి పాలలో వేస్తే ఉండలు కడుతుంది. కాసిని గోరువెచ్చని పాలలో చిలికి, ఆ తరువాత కాచి చల్లార్చిన పాలు పోసి, రెండు ఐసు ముక్కలు వేసి అర నిమిషం తిప్పితే నురగ. యాలకుల పొడి కొంచెం: ఆ వాసనకు నాలుక పాయసం గుర్తుచేసుకుని తీపి ఉందనే అనుకుంటుంది. దాల్చినచెక్క చిటికెడు. నానిన సబ్జా గింజలు ఒక చెంచా. ఆ వెన్నలోని 4 గ్రాముల మాంసకృత్తులూ, 8 గ్రాముల కొవ్వూ కడుపును నిదానంగా ఖాళీ కానిస్తాయి. చక్కెర రక్తంలోకి దూకదు, మెట్లు దిగినట్టు దిగుతుంది.

ఈ నిదానమే ఒక్కోసారి పనికిరాదు. షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణికేటప్పుడు ఇది ఇవ్వకూడదు. అప్పుడు కావలసింది గ్లూకోజు, లేదంటే చక్కెర కలిపిన నీళ్లు, అదీ వెంటనే.

నాయన ఒక గుక్క తాగి ఆగాడు. మీసం మీద నురగ.

"ఏం కలిపినావమ్మా, ఇంత తియ్యగుంది?"

"ఏమీ కలపలేదు నాయనా."

నమ్మలేదు. రెండో గుక్క తాగి మళ్లీ చూశాడు. శెనక్కాయా, ఎన్నో ఏళ్ల తరువాత మా ఇంట్లో ఎవరూ ఆయన చేతిలోంచి గ్లాసు లాక్కోలేదు.

ఇది చదివే మీకో మాట. శెనక్కాయ పడని ఒంటికి ఇది అసలు వద్దు. మిగతావాళ్లు దీన్ని అన్నం తిన్నాక కాదు, రెండు పూటల మధ్య తాగాలి. మొదటిసారి తాగిన రెండు గంటలకు మీటరుతో చూసుకోండి, ఎవరి ఒంటి లెక్క వారిదే. ఆ అంకె ఒప్పుకుంటే, మీ ఇంట్లో 'వద్దు' వినీ వినీ అలసిన మనిషికి ఒక గ్లాసు కలిపి ఇవ్వండి.