గద్వాల అట్టలు, ఆర్డుయినో అడుగులు

గద్వాలలోనో రాజోలిలోనో పట్టు అంచు నేసే మగ్గం చూస్తే, పైన జకార్డు పెట్టె కనిపిస్తుంది. చిల్లులు కొట్టిన అట్టల దండ దాని మీదుగా వేలాడుతుంటుంది. నేతగాడు తొక్కిన ప్రతిసారీ ఒక కొత్త అట్ట ముందుకొస్తుంది. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అంచు మీది నెమళ్లూ గోపురాలూ అన్నీ ఆ చిల్లుల వరసలోనే ఉంటాయి. ఒంటి నూలునూ అంచు పట్టునూ కలిపే కుప్పడం నేతకు మాత్రం మనిషి చేయే కావాలి.

ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్ ఈ పద్ధతికి 1804లో రూపమిచ్చాడు. సుమారు నూటయాభై ఏళ్లకు, 1952లో, అమెరికాలోని ఎంఐటీ ఇంజినీర్లు జాన్ పార్సన్స్ ఆలోచన ఆధారంగా చిల్లుల టేపుతో లోహాన్ని చెక్కే మిల్లింగ్ యంత్రాన్ని నడిపించారు. ఇప్పుడు టేపు పోయి, జీ-కోడ్ అనే ఆజ్ఞల వరస కంప్యూటర్ నుంచే నేరుగా వస్తోంది. అప్పట్లో గది నిండా ఉండే నియంత్రణ సామగ్రి చేసిన పనిని, బల్ల మీద పట్టే యంత్రం వరకు, ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డు చేసిపెడుతోంది. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు తప్పక చేయి పెట్టి చూడాల్సిన పని ఇది.

బోర్డు చేసే పని పైకి చాలా చిన్నది. మోటారుకు 'ఒక అడుగు వెయ్యి' అని ఒక తీగ మీద, 'ఇటు తిరుగు' అని మరో తీగ మీద చెప్పడం, అంతే. స్టెప్పర్ మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 అడుగులు వేస్తుంది. మోటారును నడిపే డ్రైవర్ చిప్ ఒక్కో అడుగును పదహారు ముక్కలు చేస్తే చుట్టుకు 3,200 అవుతాయి. స్క్రూ చుట్టుకు ఎనిమిది మిల్లీమీటర్లు జరిపేదైతే, మిల్లీమీటరుకు 400 పల్సులు. ఇప్పుడు 'జీ1 ఎక్స్50 ఎఫ్300' అని ఒక్క వరస పంపితే, కత్తి ఇప్పుడున్న చోటు సున్నా అయినప్పుడు, నిమిషానికి 300 మిల్లీమీటర్ల వేగంతో యాభై మిల్లీమీటర్ల చోటికి జరగాలని అర్థం. అందుకు పది సెకన్లలో ఇరవై వేల పల్సులు పోవాలి. ఒక్కటి కూడా తప్పిపోకూడదు, లయ చెడకూడదు.

ఆ లయను లాప్‌టాప్ సరిగా పట్టుకోలేదు. ఒకే సమయంలో పది పనులు చూసుకునే యంత్రం అది. అందుకే పల్సుల లెక్కంతా బోర్డుకే అప్పగిస్తారు. ఈ పని చేసే ఉచిత ప్రోగ్రాం జీఆర్‌బీఎల్‌ను 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్‌స్రుద్ మొదలుపెట్టగా, తర్వాత సోనీ జియోన్ దాన్ని పెంచి పోషించాడు. ఊనోలో ప్రోగ్రాం ఉండే చోటు 32 కిలోబైట్లు, లెక్కలు చేసుకునే చోటు రెండే కిలోబైట్లు. అంత ఇరుకులోనే జీఆర్‌బీఎల్ రాబోయే పదహారు కదలికల దాకా ముందే చూసుకుని, మలుపు దగ్గర ఎంత నెమ్మదించాలో, తిన్నగా ఉన్నచోట ఎంత వేగం అందుకోవాలో తేల్చుకుంటుంది. సెకనుకు ముప్పై వేల పల్సుల దాకా పంపగలదు.

తీగలు కలిపేటప్పుడే అసలు చదువు మొదలవుతుంది. ఏ4988 డ్రైవర్ మీది చిన్న స్క్రూ తిప్పి మోటారుకు తగిన కరెంటు పెట్టాలి. ఎక్కువైతే చిప్ కాలుతుంది, తక్కువైతే కత్తి చెక్కలో దిగగానే మోటారు అడుగులు మింగేస్తుంది. పాలమూరు ఎండల్లో ఈ చిప్‌లకు హీట్‌సింక్‌తో పాటు చిన్న ఫ్యాను కూడా పెట్టడమే మేలు. కరెంటు ఉండగా మోటారు తీగ ఊడబీకితే డ్రైవర్ పోయినట్టే. అంచు తగిలితే యంత్రాన్ని ఆపే లిమిట్ స్విచ్చుల తీగలు, కత్తిని తిప్పే స్పిండిల్ తీగల పక్కనే పోతే, ఆ విద్యుత్ రొద అంటుకుని యంత్రం అంచు తగలకుండానే ఆగిపోతుంది. కవచమున్న తీగ వాడి, రెసిస్టరు, కెపాసిటర్‌లతో చిన్న వడపోత పెడితే ఆ బాధ తీరుతుంది.

రెండో బోర్డు కలపాలనుకునేవారు కూడా ఉంటారు. జాయ్‌స్టిక్ పట్టుకుని కత్తిని అటూ ఇటూ జరపడానికి ఒక ఆర్డుయినో నానో బోర్డు చాలు. అది సీరియల్ తీగ మీద జీఆర్‌బీఎల్‌కు ఆజ్ఞలు పంపుతుంది. ఆశ్చర్యార్థకం గుర్తు ఒక్కటి పంపితే కదలిక నెమ్మదించి ఆగుతుంది, '~' గుర్తు పంపితే మళ్లీ సాగుతుంది. రెండు బోర్డుల గ్రౌండ్ కలపాలి. ఊనోలో సున్నా, ఒకటి నంబరు పిన్నులే యూఎస్‌బీ దారి కూడా కాబట్టి లాప్‌టాప్, నానో ఒకేసారి మాట్లాడితే గొడవ. నానో బదులు ఈఎస్‌పీ32 బోర్డు అయితే దాని పిన్నులు 3.3 వోల్టులవి, ఊనోవి అయిదు. మధ్యలో వోల్టేజీ మార్చే చిన్న సర్క్యూట్ పెట్టకపోతే ఈఎస్‌పీ పిన్ను చెడిపోవచ్చు. ఎమర్జెన్సీ స్టాప్ మీట మాత్రం ఏ ప్రోగ్రాం మీదా ఆధారపడకూడదు. అది నేరుగా మోటార్లకూ స్పిండిల్‌కూ కరెంటు కోసేయాలి.

ఇదంతా పెద్ద కాలేజీలు చదివినవారికేనని అనుకునేవారికి చింతకింది మల్లేశం సమాధానం. ఆలేరు దగ్గరి శారాజీపేటలో పోచంపల్లి చీరకు ఆసు పోసేటప్పుడు తల్లి లక్ష్మి పోగును మేకుల చుట్టూ వేల సార్లు తిప్పేది. ఒక చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు! ఆమె భుజం నొప్పి చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆపేసిన ఆ కొడుకు ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తి చేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. ఆయన అక్కడితో ఆగకుండా తర్వాత యంత్రానికి మైక్రోకంట్రోలర్ కూడా జోడించాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక పోగును సరైన చోటికి, సరైన లెక్కతో తీసుకెళ్లడం ఆసు యంత్రం పని. కత్తిని అలా తీసుకెళ్లడం మిల్లింగ్ యంత్రం పని. నియంత్రణ లెక్క రెండింటికీ ఒక్కటే. యంత్రం చెడితే ఎవరికోసమో ఎదురుచూడకుండా ఉన్న ఊళ్లోనే విప్పి బాగుచేసుకోగలగడం ఇలా సొంతంగా యంత్రం కట్టుకోవడంలోని పెద్ద లాభం.

పాలమూరు ప్రాంతంలో ఇలాంటి చదువుకు పునాది లేకపోలేదు. వనపర్తి రాజుల కోటలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. పెద్ద యంత్రాలు చూడాలంటే 2023 మార్చి 2న హైదరాబాద్‌లోని రాయదుర్గంలో తెరిచిన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ ఉంది.

బల్లపై యంత్రంతో ఉక్కు జోలికి పోకూడదు. దాని చట్రం అంత గట్టిది కాదు. చెక్క, యాక్రిలిక్, మైనం, సర్క్యూట్ బోర్డు దానికి తగిన సరుకులు. రాగి పూత ఉన్న బోర్డును చెక్కేటప్పుడు కత్తి 0.1 మిల్లీమీటరు లోతుకు దిగితే చాలు. కానీ బోర్డు సమతలంగా లేకపోతే ఒక మూల రాగి తెగదు, మరో మూల రాగి కింది గాజునార పలక గాడి పడుతుంది. అందుకే అనుభవమున్నవారు ముందుగా ఉపరితలాన్ని చాలా చోట్ల తాకి కొలిచి, ఆ ఎత్తుపల్లాలకు తగ్గట్టు జీ-కోడ్‌ను సవరిస్తారు. స్క్రూకూ నట్టుకూ మధ్య సందును జీఆర్‌బీఎల్ లెక్కలో సరిచేయదు కాబట్టి, స్ప్రింగ్ ఉన్న నట్టు వేసి ఆ సందును ముందే పోగొట్టాలి. గాజునార ధూళి ఊపిరితిత్తులకు చేటు. చెక్కడం మొదలుపెట్టేముందే మాస్కు, కళ్లజోడు పెట్టుకుని కత్తి పక్కన వాక్యూమ్ గొట్టం అమర్చుకోవాలి.